కనుబొమ కదిలితే కథే!

పెదవిని పైకి వంచితే నవ్వు. కన్నీటిచుక్క పెడితే ఏడుపు. బొమ్మలేసే పిల్లలు మొదట నేర్చుకునే విద్య ఇదే. చాలామంది అక్కడే ఆగిపోతారు కూడా. మరి బొమ్మలోని మనిషికి నిజంగా కోపం రావాలంటే..? ఏడుపును దిగమింగుకుని నిలబడాలంటే..? గీత ఎక్కడ కదలాలి? వడ్డాది పాపయ్య పుట్టిన శ్రీకాకుళం నుంచి గిరీశం తిరిగిన విజయనగరం దాకా ఓసారి వెళ్లొస్తే సమాధానాలు బోలెడు దొరుకుతాయి.

బొమ్మల పిచ్చి ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ల నోటుపుస్తకాల చివరి పేజీలు ఓసారి తిరగేయండి. రాజు, రాణి, రాక్షసుడు, క్రికెటరు, పక్కింటి మావయ్య... ఎవరైనా సరే, ముఖం మాత్రం ఒక్కటే. రాక్షసుడికి కోరలుంటాయి, రాణికి జడ ఉంటుంది. అంతే తేడా. కత్తి ఎత్తినవాడూ ఆ కత్తికి బలి కాబోయేవాడూ ఇద్దరూ మనవైపు తిరిగి హాయిగా నవ్వుతుంటారు!

పిల్లల్ని అని లాభం లేదు. బొమ్మ చూపించగానే మనం అడిగేది 'ముక్కు సరిగ్గా కుదిరిందా, రంగు బయటికి పోలేదు కదా' అనే. 'ఇంతకీ ఈ అబ్బాయికి ఏమైంది? ఎందుకలా చూస్తున్నాడు?' అని ఎవరూ అడగరు. ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్లు కూడా కుండలూ పెట్టెలూ పూల డిజైన్లతోనే ఎక్కువ కుస్తీ పడతారు. అవి చేతికి పట్టు ఇస్తాయి, కాదనలేం. కానీ కుండకు కోపం రాదు కదా.

డ్రాయింగు మాస్టారి అబ్బాయి

కోపాలూ తాపాలూ గీతలోకి ఎలా దిగుతాయో తెలుసుకోవాలంటే ఈ ప్రాంతం వాళ్లు మరెక్కడికో వెళ్లక్కర్లేదు. తెలుగువాళ్ల ఇళ్లలో చందమామ అట్టల రూపంలో దశాబ్దాలపాటు తిరిగిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలోనే పుట్టారు. తండ్రి రామ్మూర్తి డ్రాయింగు మాస్టారు. పాపయ్యకు గురువు కూడా ఆయనే. అయిదేళ్ల వయసులోనే హనుమంతుడి బొమ్మ వేశారని చెబుతారు. రవివర్మ చిత్రాల ముద్ర చిన్నప్పుడే ఆయన మీద పడింది. తర్వాత రోజుల్లో ఆ ముద్ర కరిగి, చూడగానే 'ఇది వపా బొమ్మ' అని గుర్తుపట్టే తీరు ఒకటి వచ్చింది.

రేరాణి, అభిసారిక, భారతి, యువ, చందమామ, స్వాతి... ఆయన కుంచె తిరగని పత్రిక లేదు. సంతకంలోనూ ఓ చమత్కారం. 'వ.పా.' అన్న పొడి అక్షరాలను తిరగేస్తే పావు. పావంటే 0.25. కొన్ని బొమ్మల మూల పేరుకు బదులు ఆ అంకే కనిపిస్తుంది. చివరికాలంలో అనకాపల్లి దగ్గరి కశింకోటలో ఉన్నారు. 1992 డిసెంబరు 30న కన్నుమూశారు.

'వపా ఆడవాళ్ల ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి' అని ఒక మాట తరచూ వినిపిస్తుంది. కొంతవరకు నిజమే. అదే కోలముఖం, అవే బారెడు కళ్లు. కానీ అలాంటివి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం చూడండి. ఒకామె పైరెప్ప సగం వాలి ఉంటుంది, మెడ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, చూపు నేల మీదుంటుంది. ఇంకొకామె రెప్ప అంతే వాలి ఉన్నా చూపు మాత్రం ఓరగా పక్కకు పోతుంది, గడ్డం ఇంచుమించు భుజాన్ని తాకుతుంది. మొదటిది ఎదురుచూపు, రెండోది సిగ్గు. ముఖం మారలేదు. రెప్ప, చూపు, మెడ... ఈ మూడూ మారాయి. నన్నడిగితే, ముఖాలు ఒకేలా ఉండటం వల్లే ఆ బొమ్మలు నేర్చుకునేవాళ్లకు మంచి పాఠాలు. ముక్కూ మూతీ మీద ధ్యాస పోదు, మారిందేమిటో ఇట్టే తెలిసిపోతుంది.

పెదవులు చివర...

కొత్తగా నేర్చుకునేవాళ్లంతా నోటితో మొదలుపెడతారు. అక్కడే బొమ్మ చెడుతుంది. కోడిగుడ్డు ఆకారం గీసి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి సన్నటి గీతలు పెట్టుకున్నాక ముందు వేయాల్సింది కనుబొమలు. తర్వాత పైరెప్ప. ఆ తర్వాత కింది రెప్ప, కనుపాప. నోరు అన్నిటికన్నా ఆఖరున.

ఇది నేటి మాట కాదు. 1668లో ఫ్రాన్సు రాజుగారి చిత్రకారుడు చార్లెస్ లె బ్రన్ అక్కడి కళా అకాడమీలో ఉపన్యాసమిస్తూ మనసులోని ఉద్వేగాలను అన్నిటికన్నా స్పష్టంగా చెప్పేది కనుబొమే అన్నాడు. మన భరతముని అంతకు ఎన్నో శతాబ్దాల ముందే లెక్కలు కట్టి పెట్టాడు. నాట్యశాస్త్రంలో చూపులు 36 రకాలు, కనుబొమల కదలికలు 7, రెప్పలవి 9. కింది పెదవికి మాత్రం 6. ఎక్కడ ఎక్కువ పని ఉందో అంకెలే చెబుతున్నాయి. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం అయితే నాట్యం తెలియనివాడికి బొమ్మలు వేయడం పట్టుబడటం కష్టమంటుంది. కన్ను ఆకారాన్నే అయిదు రకాలుగా విడదీస్తుంది. ధ్యానంలో ఉన్నవాళ్లకు వింటిలా వంగిన కన్ను, స్త్రీలకూ ప్రేమికులకూ చేప పొట్టలాంటిది, ప్రశాంతంగా ఉన్నవాళ్లకు కలువరేకు, బెదిరినవాళ్లకూ ఏడ్చేవాళ్లకూ తామరరేకు. కోపం, బాధ ఉన్నవాళ్లకు మరొకటి.

సరే, శాస్త్రం పక్కన పెట్టి అద్దం ముందుకు రండి. కోపంగా చూడండి. కనుబొమలు కిందికి దిగి ఒకదాని దగ్గరికొకటి జరిగాయా? మధ్యలో నిలువుగా రెండు ముడతలు పడ్డాయి కదూ. రెప్పలు బిగిశాయి. పెదవులు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి. అరిచే కోపమైతే నోరు నలుచదరంగా తెరుచుకుంటుంది. బొమ్మలో ఆ నిలువు ముడతలు రెండూ చాలు, నోరు లేకపోయినా కోపం తెలుస్తుంది.

దుఃఖం ఇంకా తమాషా. ఇందులో కనుబొమల లోపలి కొసలు, అంటే ముక్కు వైపువి, పైకి లేస్తాయి. కావాలని అలా లేపమంటే చాలామంది లేపలేరు. చార్లెస్ డార్విన్ 1872లో ముఖ భావాల మీద రాసిన పుస్తకంలో ఈ కదలిక గురించి ప్రత్యేకంగా చర్చించాడు. నటించడం కష్టం కాబట్టే బొమ్మలో ఆ చిన్న వాలు పడగానే చూసేవాళ్లు నమ్మేస్తారు. అప్పుడిక కన్నీటిచుక్కతో పనే లేదు.

భయానికీ ఆశ్చర్యానికీ తేడా తెలియక పెద్ద చిత్రకారులే తడబడుతుంటారు. రెండింటిలోనూ కళ్లు పెద్దవవుతాయి. ఆశ్చర్యంలో కనుబొమలు విల్లులా పైకి లేచి, దవడ వదులుగా జారుతుంది. భయంలో కనుబొమలు లేస్తూనే ఒకదాని వైపొకటి జరుగుతాయి. దాంతో వంపు పోయి గీత చదునవుతుంది. నోరు కిందికి జారదు, రెండు పక్కలకూ సాగుతుంది. చాలా కాలం తర్వాత ఊరి నుంచి వచ్చిన చిన్నాన్నను గుమ్మంలో చూసిన పిల్లాడి ముఖమూ, అదే గుమ్మంలో పామును చూసిన పిల్లాడి ముఖమూ పక్కపక్కన వేసి చూడండి. చిన్నాన్నను చూసి పిల్లాడు జడుసుకున్నట్టు వచ్చిందంటే కనుబొమల దగ్గర ఏదో తేడా కొట్టినట్టే.

ఇక నవ్వు. ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ 1862లోనే తేల్చాడు... మర్యాద కోసం నవ్వే నవ్వులో పెదవి కొసలే లేస్తాయి, మనసారా నవ్వితే కంటి చుట్టూ ఉన్న కండరమూ బిగుస్తుందని. చెక్కిలి పైకి వచ్చి కింది రెప్పను నెడుతుంది, కన్ను చిన్నదవుతుంది. పిల్లలు నవ్వే ముఖానికి కళ్లు గుండ్రంగా, పెద్దగా వేస్తారు. అందుకే ఆ బొమ్మలు టూత్‌పేస్టు ప్రకటనలా ఉంటాయి.

మధురవాణి ఇంట్లో మంచం

ఒక్కో భావం విడివిడిగా వేయడం వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. ఎందుకంటే మనుషులు ఒక్క భావంతో ఉండరు. కోపాన్ని నవ్వుతో కప్పుతారు, నవ్వును పెదవులతో నొక్కుతారు. దీనికి కన్యాశుల్కాన్ని మించిన పాఠ్యపుస్తకం నాకైతే కనిపించలేదు. 1892లో విజయనగరంలోనే మొదటిసారి ప్రదర్శించిన నాటకం. అందులో మధురవాణి ఇంటి దృశ్యం గుర్తుంది కదా! రామప్పపంతులు ముందే మంచం కింద దూరి ఉంటాడు. చీపురుతో పూటకూళ్లమ్మ వచ్చేసరికి గిరీశం కూడా అక్కడికే చేరతాడు.

ఆ ఒక్క దృశ్యంలో నాలుగు ముఖాలు. పూటకూళ్లమ్మది తేలిక. దాపరికం లేని కోపం, కనుబొమల నుంచి గడ్డం దాకా అంతా ఒకే మాట చెబుతుంది. రామప్పపంతులిది భయం, కానీ దానికి పరువు అడ్డం. భయానికి తగ్గట్టు కళ్లు వేసి, పెదవులు మాత్రం బింకంగా బిగించాలి. గిరీశానికి భయం తక్కువ, లెక్క ఎక్కువ. తల పంతులు వైపే ఉన్నా చూపు గుమ్మం మీదుంటుంది. కనుపాపలు రెండూ ఒక మూలకు జరిపితే చాలు, తప్పించుకునే దారి వెతుకుతున్నాడని తెలిసిపోతుంది. ఒక కనుబొమ కొంచెం పైకి లేపితే ఇంకా మంచిది. ముఖం రెండు వైపులా సరిసమానంగా ఉన్నంతసేపూ ఆ మనిషి అమాయకుడిలాగే కనిపిస్తాడు. గిరీశాన్ని అమాయకుడిగా వేస్తే గురజాడ వారు ఊరుకుంటారా?

ఇక మధురవాణి. నాలుగింటిలోకీ కష్టమైన ముఖం ఆమెదే. నవ్వు వస్తోంది, నవ్వకూడదు. నొక్కిపట్టిన నవ్వు నోటి దగ్గర కనిపించదు. పెదవులు గట్టిగా మూసే ఉంటాయి. చెక్కిళ్లు మాత్రం ఉబ్బి, కింది రెప్పలు పైకి వస్తాయి. అంటే కింది సగం 'ఏమీ లేదు' అంటుంటే పై సగం గుట్టు విప్పేస్తుందన్నమాట. ఈ ముఖం ఒకటి సరిగ్గా కుదిరినవాళ్లకు ఇంక ఏ కథకైనా బొమ్మ వేయమని ధైర్యంగా ఇవ్వొచ్చు.

ఒక్క ముఖంలో ఇన్ని ముఖాలు చూపించిన మనిషి కూడా ఈ నేల మీద ఉన్నాడు. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు. హరికథలో వేషం మార్చుకునే వీలుండదు. అదే పంచె, అదే చిడత. రాముడైనా రావణుడైనా చూపుతో, కనుబొమతో, మెడ విరుపుతో తెలియాల్సిందే. పల్లెల్లో ఇప్పటికీ హరికథలు జరుగుతుంటాయి. స్కెచ్చి పుస్తకం పట్టుకుని ముందు వరసలో కూర్చుంటే రెండు గంటల్లో నలభై ముఖాలు దొరుకుతాయి.

ముఖమే లేని బొమ్మలు

ఇన్ని మాటలు చెప్పుకున్నాక సీతంపేట ఏజెన్సీ వైపు వెళ్తే మన లెక్కలన్నీ తారుమారవుతాయి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో సవరలు వేసే బొమ్మల్లో మనుషులకు కళ్లుండవు, నోరుండదు. తల ఒక చుక్క. ఒళ్లు రెండు త్రిభుజాలు. కాళ్లూ చేతులూ గీతలు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద వెలువరించిన పెద్ద పుస్తకంలో ఈ గోడబొమ్మల గురించి వివరంగా రాశారు. అవి అలంకారం కోసం వేసేవి కావు. పెద్దల కోసం, దేవతల కోసం వేసేవి.

అయినా నాట్యం చేస్తున్న వరసలో ఆనందం కనిపిస్తుంది, బరువు మోస్తున్న మనిషిలో అలసట కనిపిస్తుంది. ఎలా? వెన్ను వంగింది, మోకాలు మడిచింది, చేయి పక్కవాడి చేతిలో ఉంది. అంతే. ముఖంలో భావం కుదరలేదని వారాల తరబడి కిందామీదా పడేవాళ్లు ఒకరోజు ముఖం వేయడం మానేసి, ఒట్టి శరీరంతో అదే భావం చెప్పడానికి ప్రయత్నించాలి. భుజాలు కిందికి జారిన మనిషికి ఎంత నవ్వు ముఖం తగిలించినా సంతోషం రాదు. చాలా బొమ్మల్లో దోషం ముఖంలో ఉండదు, దాని కిందే ఉంటుంది.

సిరిమాను వైపు చూడొద్దు

బొమ్మలు చూసి బొమ్మలు నేర్చుకోవడం కొంతవరకే. ఆ తర్వాత మనుషుల్ని చూడాలి. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా, చింతమాను చివర కూర్చున్న పూజారి గాల్లో ఊగుతూ వెళ్తుంటే లక్షల కళ్లు అటే ఉంటాయి. బొమ్మలేసేవాళ్లు మాత్రం సిరిమానుకు వీపు పెట్టి నిలబడాలి. అప్పుడు కనిపించేది పైకెత్తిన ముఖాల సముద్రం. పైకి చూసే ముఖం వేయడం మహా కష్టం. గడ్డం పెద్దదవుతుంది, నుదురు చిన్నదైపోతుంది, ముక్కుపుటాలు కనిపిస్తాయి. అదే కోణంలో ఒకరిది భక్తి, ఒకరిది 'పడిపోతాడేమో' అన్న బెంగ, మేడ మీది పిల్లాడిది ఒట్టి సంబరం. మొక్కు తీరిన తల్లి ముఖం వీటన్నిటికీ వేరు.

సంబరాలే కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టు కూలిందంటే మళ్లీ ఒకటి ఎదిగి కాయడానికి ఏళ్లు పడుతుంది. అలా పడిపోయిన చెట్టు పక్కన నిలబడ్డ రైతును బొమ్మ వేయమంటే చాలామంది తల మీద చేతులు, చెంపల మీద కన్నీళ్లు వేస్తారు. కానీ అంత పెద్ద నష్టం ముందు మనిషి చాలాసార్లు ఏడవడు. ముఖం వదులైపోతుంది. చూపు దేనిమీదా నిలవదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంటుంది, ఏదో అడగబోయి మరిచిపోయినట్టు. కనుపాపను రెప్పకు ఆనించకుండా, ఎటూ చూడనట్టు మధ్యలో వదిలేస్తే ఆ శూన్యం వస్తుంది. వాళ్ల కష్టాన్ని నాటకంలా వేయడం వాళ్లకు చేసే అన్యాయం. ఇక్కడ కన్నీటిచుక్క మానుకోవడం చేతి నైపుణ్యమే కాదు, మర్యాద కూడా.

నాయనమ్మ పరీక్ష

ఖర్చేమీ లేదు. ఓ హెచ్‌బీ పెన్సిలు, ఓ 2బీ పెన్సిలు, ఒక పక్క వాడేసిన కాగితాలు, చేతిలో ఇమిడే అద్దం. ఒక కాగితం మీద పన్నెండు కోడిగుడ్లు గీసుకోండి. మొదటి వారం నోళ్లే వేయొద్దు. కనుబొమలు, కళ్లతోనే పన్నెండు భావాలు రావాలి. రెండో వారం నోరు చేర్చండి. అప్పుడు బొమ్మ కింది సగాన్ని కాగితంతో మూసి చూడండి. పై సగం ఒక్కటే చూసినా భావం తెలిస్తే గట్టి బొమ్మే.

తర్వాత ఇంట్లోవాళ్లకు చూపించండి. పేరు చెప్పొద్దు, భావం చెప్పొద్దు. 'ఇతనికి ఏమైంది?' అని మాత్రం అడగండి. మీరు విరహం వేస్తే నాయనమ్మ 'కడుపునొప్పేమో' అంటే గొడవపడకండి. ఆమె చెప్పిందే నిజం! నలుగురిలో ముగ్గురు ఒకే సమాధానం చెప్పేదాకా అదే ముఖాన్ని మళ్లీ మళ్లీ వేయాలి.

ఇంకో ఆట. మన వైపు మాటే ఒకటి తీసుకోండి. 'ఏటి, ఇప్పుడొచ్చినావా?' ఇదే మాట అర్ధరాత్రి తలుపు తీసిన భార్య అంటుంది, హాస్టలు నుంచి వచ్చిన మనవణ్ని చూసి తాత అంటాడు, అప్పు తీర్చడానికి ఏడాది ఆలస్యంగా వచ్చినవాణ్ని చూసి షావుకారు అంటాడు. మాట మారదు. మూడు ముఖాలు వేయాలి, మూడింటి కిందా అదే మాట రాయాలి.

పాత బొమ్మలు చూడాలనుకునేవాళ్లకు శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు 1997లో మొదలుపెట్టిన ఈ కథల గ్రంథాలయంలో పాత వార, మాసపత్రికలు చూడొచ్చు. కథ చదివి, బొమ్మ చూడకుండా మీరొకటి వేసి, తర్వాత పత్రికలో చిత్రకారుడు ఏం వేశాడో పోల్చుకోవచ్చు. ఈ అవకాశం ఇప్పుడొచ్చే పత్రికల్లో బాగా తగ్గిపోయింది. ఆంధ్రపత్రిక పోయింది, యువ పోయింది, చందమామ కూడా ఆగిపోయింది. కథకు బొమ్మ వేసి బతికే చోట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. యానిమేషను, వీడియో గేములు, పిల్లల పుస్తకాలు కొత్తగా వచ్చిన చోట్లు. అక్కడ పరికరాలు మారాయి కానీ అడిగేది మాత్రం ఇదే పని. యానిమేషనులో ముఖాలు కదిలించేవాళ్లు వాడుకునే పద్ధతుల్లో ఒకటి పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1978లో ప్రకటించింది. ముఖంలో ఏ కండరం కదిలితే ఏ మార్పు వస్తుందో అందులో అంకెలు వేసి ఉంటుంది. భరతముని చేసిన పనే, మరో రకంగా.

కథానిలయానికి వెళ్లలేకపోతే విజయనగరం చాసో కథల పుస్తకం తెచ్చుకుని 'వాయులీనం' తీయండి. జబ్బు చేసిన భార్యను బతికించుకోవడానికి భర్త ఆమె వాయులీనాన్ని అమ్మేసే కథ. ప్రాణం నిలిచింది, వాయిద్యం పోయింది. అది తెలిసిన క్షణాన ఆమె ముఖం ఎలా ఉంటుంది? కోపం అనలేం, అమ్మింది తన కోసమే. దుఃఖం అని కన్నీళ్లు వేస్తే భర్తను తప్పుపట్టినట్టవుతుంది. కృతజ్ఞతగా నవ్వించినా అబద్ధమే. కనుబొమల లోపలి కొసలు ఎంత లేవాలి? చూపు ఆయన మీద ఉండాలా, వాయులీనం ఉండే చోటు మీదా? ఎడమచేతి వేళ్లు ఏం చేస్తుంటాయి? పెన్సిలు చెక్కుకోండి. రబ్బరు కూడా దగ్గర పెట్టుకోండి, దానితో చాలా పని పడుతుంది.